వరమ్

ఉర్దూలో వరమ్ అంటే వాపు. తెలుగులో వరం అంటే ఏమిటో మీకు నేను చెప్పనక్కర్లేదు.

నా చిన్నప్పుడు బెల్లంకొండలో మా దాదీ కాలు బెణికి నాలుగు రోజులు మంచం దిగలేదు. హకీం సాబ్ వచ్చి చూసి "వరమ్ హై, ఉతర్ జాయేగా" అని తైలం ఇచ్చి వెళ్ళాడు. సాయంత్రం పక్కింటి పెద్దమ్మ పలకరించడానికి వచ్చింది. "ఏమన్నాడు వదినా మీ హకీము?" అని అడిగితే, దాదీ తన వచ్చీరాని తెలుగులో "వరమ్ వచ్చింది అన్నాడు" అంది. పెద్దమ్మ రెండు చేతులూ జోడించి, "వరమొస్తే మంచం మీద పడుకోబెట్టారేంది వదినా?" అంది. ఆ మాట చెప్పుకొని మా ఇంట్లో ఇప్పటికీ నవ్వుకుంటాం.

నేను పదో తరగతి దాకా ఉర్దూ మీడియంలో చదివి, డిగ్రీలో తెలుగు తీసుకున్నవాణ్ణి. ఆ రెండు మాటలూ నా తలలో పక్కపక్కనే ఉండిపోయాయి. ఇరవై ఏళ్ళుగా పత్రికల్లో పనిచేస్తున్నా, వాటి గురించి రాయాల్సిన అవసరం రాలేదు. ఇప్పుడొచ్చింది. ఇది మా ఆపా కూతురి మర్జ్ గురించి. "రాయి మామూ, నా పేరు మాత్రం నక్కో" అని తనే ఇజాజత్ ఇచ్చింది. అందుకని పేరు రాయడం లేదు.

2021 బక్రీద్ మూడో రోజు. కరోనా రెండో విడత తగ్గి, చుట్టాలు మళ్ళీ ఒకళ్ళింటికి ఒకళ్ళు రావడం అప్పుడే మొదలైంది. తనకి పెళ్ళయి ఎనిమిది నెలలు. పండక్కి పుట్టింటికి వచ్చింది. సత్తెనపల్లిలో ససురాల్. నేను దింపి వస్తానని బండి తీశాను. నా తలకు హెల్మెట్ ఉంది. తన తలకు దుపట్టా ఉంది. ఊరు దాటి రెండు కిలోమీటర్లు కూడా పోలేదు, పత్తి చేలోంచి ఒక గేదె దూడ రోడ్డు మీదికి ఉరికింది. బ్రేకు వేశాను. నేను బండితోపాటు పక్కకు ఒరిగాను. తను వెనక్కి పడింది.

పిలిస్తే పలకలేదు. రెండు మూడు నిమిషాలై ఉంటుంది. ఆ రెండు మూడు నిమిషాల్లో నాకు వచ్చిన దువాలన్నీ తలకిందులుగా చదివాను. కళ్ళు తెరిచి, "మామూ, మిఠాయి డబ్బా కహాఁ హై?" అంది. నేను రోడ్డు మీదే కూర్చొని ఏడ్చాను.

ఎక్కడా నెత్తురు లేదు. ఒక్కసారి వాంతయింది. గుంటూరు తీసుకెళ్ళాం. స్కాన్‌లో నుదుటి వెనక మెదడు కాస్త కమిలిందని, ఆపరేషన్ అక్కర్లేదని చెప్పారు. నాలుగు రోజులుంచుకొని పంపించారు. ఇంటికొచ్చాక మా ఆపా మేక కోసి సద్‌ఖా ఇచ్చింది. అందరం షుక్ర్ చేసుకున్నాం.

మా వృత్తిలో ఒక వాక్యం ఉంది: "స్వల్ప గాయాలతో బయటపడ్డారు." జిల్లా పేజీలో పనిచేసిన రోజుల్లో ఆ వాక్యం నేను ఎన్ని వందల సార్లు రాశానో లెక్కలేదు. పిడుగురాళ్ళ దగ్గర లారీ, సత్తెనపల్లి దగ్గర ఆటో, మిరపకోతకు కూలీలను ఎక్కించుకొని పోతున్న ట్రాక్టర్. చనిపోయినవాళ్ళ పేర్లు రాసి, చివర్లో ఈ వాక్యం రాసి, ఫుల్‌స్టాప్ పెట్టి ఇంటికి పోయేవాణ్ణి. ఆ ఫుల్‌స్టాప్ తర్వాత ఏం జరుగుతుందో ఒక్కసారీ వెనక్కి వెళ్ళి చూడలేదు. ఈసారి ఆ వాక్యం మా ఇంట్లోనే ఉంది.

మూడు నెలలు గడిచేసరికి పిల్ల మారిపోయింది. పొద్దున లేవలేదు. ఎండాకాలంలో కూడా చలి అంటుంది. జుట్టు ఊడుతోంది. బియ్యం పొయ్యి మీద పెట్టి మర్చిపోతుంది. ఎవరేమన్నా అంటే ఏడుస్తుంది, అనకపోయినా ఏడుస్తుంది. ససురాల్‌లో మొదట బద్ధకం అన్నారు. తర్వాత ఆసేబ్ అన్నారు. దమ్ చేయించారు, తావీజ్ కట్టించారు. ఆ తర్వాత ఒకరోజు ఎవరో వంటింట్లో బాంఝ్ అనే మాట వాడారు. పెళ్ళయి ఏడాదిన్నర కూడా కాలేదు. ఆ మాట తన చెవిన పడింది. 2022 ఫిబ్రవరిలో "కొన్నాళ్ళు మీ దగ్గర ఉంచుకోండి" అని బెల్లంకొండలో దించి వెళ్ళారు. మనవాళ్ళలో ఆ మాటకు అర్థమేమిటో మీకు తెలుసు.

ఆ ఏడు రమజాన్ ఏప్రిల్ 3న మొదలైంది. రెండో రోజా నాడు మా ఊరు గుంటూరు జిల్లా నుంచి కొత్త పల్నాడు జిల్లాలోకి మారింది. నేను ఆ వార్తల హడావుడిలో ఉన్నాను. ఈద్‌కు ఊరు వెళ్ళేసరికి అందరూ పిల్లను మెచ్చుకుంటున్నారు. "మాషాఅల్లాహ్, అంత నీరసంలోనూ ముప్పై రోజాలూ ఉంది" అని.

ఒక్క మా అమ్మీ మాత్రం మెచ్చుకోలేదు. అమ్మీ లెక్కపెట్టుకుంటూ ఉంది.

మన ఇళ్ళలో రమజాన్ నెలలో ఆడవాళ్ళకు కొన్ని రోజులు రోజా మాఫ్. ఆ రోజుల్లో వాళ్ళు వంటింటి తలుపు చాటున, మగవాళ్ళ కంట పడకుండా రెండు ముద్దలు తింటారు. మనం చూసినా చూడనట్టే పోతాం. ఈద్ అయ్యాక ఆ రోజాలు ఖజా చేసుకుంటారు. ఇరవై నాలుగేళ్ళ పెళ్ళయిన పిల్ల, కడుపుతో లేదు, పాలిచ్చే బిడ్డ లేదు. ముప్పైకి ముప్పై రోజాలు ఎట్లా వచ్చాయి? అమ్మీ ఆ ప్రశ్న మా ఆపాను అడిగింది. ఆపా పిల్లను అడిగింది. హాదసా అయిన తర్వాత ఒక్కసారి కూడా బయట చేరలేదని అప్పుడు చెప్పింది. కడుపేమో అని రెండుసార్లు పట్టీ తెచ్చుకొని చూసుకుందట. కాదని తేలాక ఎవరికీ చెప్పలేక ఊరుకుంది. ఆపా మా ఇంటావిడకు చెప్పింది. మా ఇంటావిడ రాత్రి లైటు ఆర్పేశాక నాకు చెప్పింది.

తొమ్మిది నెలల ఖామోషీ నలుగురు ఆడవాళ్ళ నోళ్ళు దాటి నా దాకా వచ్చింది. బండి నడిపినవాణ్ణి నేను. నిద్ర పట్టలేదు. ఫోన్ తీసుకొని చదవడం మొదలుపెట్టాను. చదవడం మానలేదు. అలా నేను తెలుసుకున్నదే ఇక్కడ మీకు చెబుతున్నాను.

తలకు దెబ్బ తగిలితే గాయం రెండుసార్లు జరుగుతుంది. మొదటిది రోడ్డు మీద, ఒక్క క్షణంలో. రెండోది తల లోపల, గంటల్లో మొదలై వారాలూ నెలలూ సాగుతుంది. మన మెదడులో మైక్రోగ్లియా అనే కణాలుంటాయి. 1919లో స్పెయిన్ శాస్త్రవేత్త పియో డెల్ రియో ఓర్తేగా వాటికి ఆ పేరు పెట్టాడు. అవి మామూలు రోజుల్లో ఊరి కాపలాదారుల్లా తిరుగుతుంటాయి. దెబ్బ తగలగానే పరిగెత్తి వస్తాయి. చచ్చిన కణాలను ఎత్తిపోస్తాయి, రసాయనాలు వదిలి సాయానికి ఇంకొందరిని పిలుస్తాయి. నీరు చేరుతుంది. ఇదే వరమ్. ఇది లేకపోతే గాయం మానదు. ఆ లెక్కన పక్కింటి పెద్దమ్మ చెప్పిందే నిజం. అది వరమే.

కాలి వాపుకు చోటుంది, చర్మం సాగుతుంది. మెదడుకు చుట్టూ ఎముక ఉంది. ఎటూ సాగదు. పైగా పిలిచిన కాపలాదారులు ఒక్కోసారి పని అయ్యాక కూడా పోరు. నెలల తరబడి అక్కడే ఉండి బాగున్న కణాలను కూడా పాడుచేస్తారు. వెయ్యేళ్ళ కింద ఇబ్నె సీనా తన ఖానూన్‌లో సర్సామ్ గురించి రాశాడు. ఆ మాటలో సర్ అంటే తల, సామ్ అంటే వాపు. మా దాదీ జ్వరంలో పలవరించే పిల్లల్ని చూసి "సర్సామ్ హో గయా" అనేది. ఆ మాట ఎక్కడి నుంచి వచ్చిందో ఆమెకు తెలియదు, నాకూ అప్పుడు తెలియదు.

మరి వాపే శత్రువైతే వాపు తగ్గించే మందు ఇస్తే సరిపోతుంది కదా? డాక్టర్లూ అలాగే అనుకున్నారు. కొన్ని దశాబ్దాల పాటు తల గాయాలకు కార్టికోస్టెరాయిడ్లు ఇచ్చారు. నిజంగా పనిచేస్తాయా అని తేల్చుకోవడానికి క్రాష్ అనే పెద్ద తహ్కీక్ పెట్టారు. ఎన్నో దేశాల నుంచి 10,008 మంది క్షతగాత్రులు. 2004లో ఫలితం వచ్చింది. స్టెరాయిడ్ ఇచ్చినవాళ్ళలో రెండు వారాల్లో 21.1 శాతం మంది చనిపోయారు. ఉత్తి మందు ఇచ్చినవాళ్ళలో 17.9 శాతం. మందే ఎక్కువమందిని చంపింది. ఇరవై వేల మందిని చేర్చుకోవాలనుకున్న తహ్కీక్‌ను మధ్యలోనే ఆపేశారు. మంచి చేస్తున్నామనుకొని అన్నేళ్ళు ఇచ్చిన మందు అది.

ఇంకో ఉమ్మీద్ ఆడ ఎలుకల దగ్గర పుట్టింది. డొనాల్డ్ స్టైన్ అనే అమెరికా శాస్త్రవేత్త మెదడు గాయపడిన ఎలుకల మీద పనిచేసేవాడు. ఆడ ఎలుకల్లో కొన్ని మగవాటికంటే త్వరగా కోలుకుంటున్నాయి. చూస్తే, ఒంట్లో ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉన్న ఆడ ఎలుకలవి. మనం దాన్ని గర్భం నిలిపే హార్మోన్ అనుకుంటాం. కానీ అది మగవాళ్ళ ఒంట్లోనూ ఉంటుంది, మెదడు తనంతట తాను కూడా తయారుచేసుకుంటుంది. ఎలుకలకు ఆ హార్మోన్ ఇస్తే మెదడు వాపు తగ్గింది. 1980ల నుంచి స్టైన్ అదే పట్టుకొని ఉన్నాడు. తర్వాత అట్లాంటాలోని ఎమరీ యూనివర్సిటీకి వెళ్ళాడు. అక్కడి నుంచి వచ్చిన పేపర్లలో ఆయన పేరు పక్కన ఇక్బాల్ సయీద్, ఫహీమ్ ఆతిఫ్, సీమా యూసుఫ్, తౌహీద్ ఇష్రత్ అనే పేర్లు కనిపించాయి. అర్ధరాత్రి బెల్లంకొండ డాబా మీద ఫోన్ వెలుగులో ఆ పేర్లు చదివి కాసేపు ఆగిపోయాను. మన ఇళ్ళలో వంటింట్లో కూడా పైకి అనలేని సంగతిని అక్కడ మన పేర్లున్న మనుషులు టేబుల్ మీద పెట్టి కొలుస్తున్నారు. వాళ్ళకు అది సిగ్గు కాదు, ఇల్మ్.

2007లో వంద మంది రోగుల మీద చేసిన మొదటి పరీక్షలో ప్రొజెస్టెరాన్ తీసుకున్నవాళ్ళలో నెల రోజుల్లో 13 శాతం మంది, తీసుకోనివాళ్ళలో 30 శాతం మంది చనిపోయారు. మరుసటి ఏడు చైనా నుంచి కూడా 159 మందితో ఇలాంటి మంచి వార్తే వచ్చింది. అందరూ ఇక మందు దొరికిందనుకున్నారు. తర్వాత పెద్ద పరీక్షలు రెండు జరిగాయి. ఒకదానిలో 882 మంది, రెండోదానిలో 1,195 మంది. 2014 డిసెంబర్‌లో రెండిటి ఫలితాలూ వచ్చాయి. రెండిట్లోనూ మందు తీసుకున్నవాళ్ళకూ తీసుకోనివాళ్ళకూ తేడా కనిపించలేదు. పాతికేళ్ళకు పైబడిన మెహనత్ అక్కడ ఆగిపోయింది.

నేను మాయూస్ అయ్యానని అబద్ధం చెప్పను. మా పిల్లకు అప్పటికే పది నెలలు గడిచాయి, ఆ మందు పనిచేసినా తనకు అందేది కాదు. కానీ ఆ తహ్కీక్ వట్టిపోలేదు. తల గాయానికీ ఆడ మగ హార్మోన్లకూ సంబంధం ఉందని అది అందరి చేతా అనిపించింది. అంతకుముందు ల్యాబుల్లో ఎక్కువగా మగ ఎలుకలనే వాడేవారు. ఆడవాటి హార్మోన్లు మారుతుంటాయి, లెక్క చెడుతుందని. అమెరికా ప్రభుత్వ వైద్య పరిశోధనా సంస్థ 2016 నుంచి, ఆడ మగ తేడాను లెక్కలోకి తీసుకోవాల్సిందేనని రూలు పెట్టింది. మన దాదీలు నానీలు తిన్న మందులన్నీ ఎవరి ఒంటి కొలతతో కుట్టినవో ఆలోచించండి.

రోచెస్టర్ యూనివర్సిటీ వాళ్ళు 144 మంది ఆడవాళ్ళను చూశారు. తలకు చిన్న దెబ్బ తగిలినవాళ్ళే అందరూ. నెలసరికి ముందు రెండు వారాల్లో, అంటే ఒంట్లో ప్రొజెస్టెరాన్ ఎక్కువగా ఉన్నప్పుడు దెబ్బ తగిలినవాళ్ళు, నెల తర్వాత చూస్తే మిగతావాళ్ళకంటే ఎక్కువ తక్లీఫ్‌లో ఉన్నారు. ఎలుకల్లో కాపాడిన హార్మోన్ ఇక్కడ తిరగబడిందేమిటి? వాళ్ళు చెప్పిన అంచనా ఇది. దెబ్బతో పైనుంచి వచ్చే హుకుం ఆగిపోయి, నిండుగా ఉన్న హార్మోన్ ఒక్కసారిగా పడిపోతుంది. ఆ పడిపోవడమే మెదడుకు దెబ్బ మీద దెబ్బ.

ఆ హుకుం ఎక్కడి నుంచి వస్తుందో తెలిశాక నాకు మా పిల్ల మర్జ్ అర్థమైంది.

కళ్ళ వెనక, మెదడు అడుగున శనగగింజంత గ్రంథి ఒకటి సన్నటి తొడిమకు వేలాడుతూ ఉంటుంది. పిట్యూటరీ, తెలుగులో పీయూష గ్రంథి. అది కూర్చునే ఎముక గుంట గుర్రపు జీనులా ఉంటుందని లాటిన్‌లో దానికి తుర్కీ జీను అని పేరు పెట్టారు. ఆ జీను మీద కూర్చొని అది ఒళ్ళంతటికీ హుకుములు పంపిస్తుంది. థైరాయిడ్‌కు, కిడ్నీల మీదుండే అడ్రినల్ గ్రంథులకు, ఆడవాళ్ళలో అండాశయాలకు, మగవాళ్ళలో వృషణాలకు. తల జోరుగా ఊగినప్పుడు ఆ తొడిమ సాగుతుంది. అందులోంచి వచ్చే సన్నటి నెత్తుటి నాళాలు దెబ్బతింటాయి. చుట్టూ వచ్చిన వాపు కూడా నొక్కుతుంది. టర్కీలోని కయ్‌సెరి నగరంలో ఎర్జియెస్ యూనివర్సిటీ డాక్టర్లు ఈ సంగతి మీద ఏళ్ళ తరబడి పనిచేశారు. తల మీద గుద్దులు తినే బాక్సర్లలో కూడా ఈ గ్రంథి మందగించడం చూశారు. హాదసా అయిన మూడేళ్ళకు కూడా కొందరి నెత్తుట్లో, సొంత పిట్యూటరీ మీదే దాడిచేసే యాంటీబాడీలు కనిపించాయి. కాపలాదారులు ఇంటివాళ్ళనే దొంగలనుకోవడం అంటే ఇదే.

ఇది అరుదైన విషయమేమో అనుకున్నాను. 2007లో జామా అనే వైద్య పత్రికలో అప్పటిదాకా వచ్చిన అధ్యయనాలన్నీ కలిపి లెక్క కట్టారు. తల గాయమై నెలలు గడిచినవాళ్ళలో 27.5 శాతం మందికి పిట్యూటరీ ఎంతో కొంత దెబ్బతింది. దెబ్బ చిన్నదా పెద్దదా అన్నదాన్నిబట్టి అంకె మారుతుంది. సగానికి సగం తగ్గించి చూసినా, నేను రాసిన "స్వల్ప గాయాలతో బయటపడ్డారు" వాక్యాల వెనక ఎంతమంది ఉన్నారో!

మర్నాడు ఆపాతో మాట్లాడాను. మేనకోడలి నెలసరి గురించి ఆమె తల్లితో ఒక మగాడు మాట్లాడటం మా ఇంట్లో అదే మొదటిసారి. ఆపా తల దించుకొని వింది. నేను కూడా ఎదురుగా చూడలేకపోయాను. కానీ మాట్లాడాను. మూడో రోజు గుంటూరులో హార్మోన్ల డాక్టరు దగ్గర కూర్చున్నాం.

ఆ డాక్టరమ్మ మొదట అడిగింది హాదసా గురించి కాదు. "ఆఖరిసారి బయట ఎప్పుడు చేరావమ్మా?" పిల్ల నా వైపు చూసింది. నేను లేచి బయటికి వెళ్ళబోయాను. "నువ్వు కూర్చో మామూ" అంది. "నా దిమాగ్ దెబ్బ తగిలినప్పుడు నువ్వున్నావు కదా, ఇది కూడా విను." 

పొద్దున ఎనిమిదింటికి నెత్తురు తీశారు. కార్టిసాల్, థైరాయిడ్, ప్రోలాక్టిన్, అండాశయాలకు హుకుం పంపే హార్మోన్లు రెండు, ఈస్ట్రోజెన్. తల ఎంఆర్ఐ. కార్టిసాల్ బాగానే ఉంది. అది తక్కువైతే ప్రాణం మీదికి వస్తుందని, అందుకే మొదట దాన్ని చూస్తామని, అది సరిచేయకుండా థైరాయిడ్ గోళీ ఇవ్వకూడదని డాక్టరమ్మ చెప్పింది. థైరాయిడ్ తక్కువ. అండాశయాలకు పోవాల్సిన హుకుములు దాదాపు లేవు. అండాశయాలు బాగున్నాయి, వాటిని లేపేవాళ్ళే లేరు.

"అంటే నేను బాంఝ్ కాదా?" అని అడిగింది పిల్ల. డాక్టరమ్మకు ఆ మాట తెలియదు. నేను చెప్పాను. ఆమె కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత, "కాదమ్మా. పిల్లలు కావాలనుకున్నప్పుడు ఇంజెక్షన్లున్నాయి, అప్పుడు చూద్దాం. ముందు నువ్వు లేచి తిరగాలి" అంది.

థైరాయిడ్ గోళీ, దానితో ఈస్ట్రోజెన్, నెలలో కొన్ని రోజులు ప్రొజెస్టెరాన్. మెదడు వాపును తగ్గిస్తుందని రెండువేల మంది మీద పరీక్షించి, పనిచేయలేదని పక్కన పెట్టిన ఆ ప్రొజెస్టెరానే మా ఇంట్లోకి చిన్న గోళీగా వచ్చింది, దాని పాత పని చేయడానికి.

సమ్‌ధన్‌తో మాట్లాడటానికి నేనూ అమ్మీ సత్తెనపల్లి వెళ్ళాం. రిపోర్టులు చూపించి నేనేదో చెప్పబోతే అమ్మీ ఆపింది. "బహెన్, మీ కోడలికి తల మీద దెబ్బ తగిలింది. ఆ దెబ్బకే నెల ఆగింది. ఆసేబ్ కాదు, నసీబ్ కాదు, దెబ్బ. కాలు విరిగితే కట్టు కడతాం కదా" అంది. అంతే. నేను వారం రోజులు చదివినది అమ్మీ నాలుగు మాటల్లో చెప్పింది. సమ్‌ధన్ కళ్ళు తుడుచుకొని, "మాకెవరు చెప్పారాపా ఇవన్నీ?" అంది. ఆమెది ఖుసూర్ అని నేననలేను. దవాఖానా నుంచి పంపించేటప్పుడు మాకూ ఎవరూ చెప్పలేదు. మేం కూడా ఎవరినీ అడగలేదు. దామాద్ ఆ సాయంత్రమే వచ్చి పిల్లను తీసుకెళ్ళాడు.

ఇది ఆడవాళ్ళ మర్జ్ మాత్రమే అనుకోకండి. ఇది విన్న మా దోస్త్ ఒకడు, పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర లారీ తోలేవాడు, కొన్నాళ్ళకు నన్ను పక్కకు పిలిచాడు. తనకూ రెండేళ్ళ కింద తలకు దెబ్బ తగిలింది. అప్పటి నుంచి గడ్డం సరిగా పెరగడం లేదు. మంగలి నవ్వుతూ అంటే తనూ నవ్వేశాడు. ఇంట్లో భార్యాభర్తల మధ్య సంగతి కూడా చెప్పాడు, నేల చూస్తూ. పరీక్ష చేయిస్తే టెస్టోస్టెరాన్ బాగా తక్కువ. రెండేళ్ళు అతను దాన్ని మర్దానగీ సమస్య అనుకొని కుమిలిపోయాడు. ఎవరికీ చెప్పలేదు. ఆడవాళ్ళకు హయా నోరు మూయిస్తే, మగవాళ్ళకు ఇజ్జత్ మూయిస్తుంది.

హయా ఈమాన్‌లో భాగమని మనకు నేర్పారు. నేను దాన్ని కాదనను. కానీ మన దీన్‌లోనే హైజ్ గురించి ఎన్ని మస్‌అలాలున్నాయి! ఎన్ని రోజులు, ఎప్పుడు గుస్ల్, ఏ రోజా ఖజా, ఏ నమాజ్ మాఫ్. రసూలుల్లాహ్ కాలంలో ఆడవాళ్ళు వెళ్ళి అడిగి తెలుసుకున్నవే అవన్నీ. లెక్క పెట్టమని నేర్పిన దీన్ మనది. అమ్మీ పెట్టిన లెక్కే మా పిల్లను కాపాడింది. మనం లెక్క ఉంచుకొని మాట పోగొట్టుకున్నాం.

మీ ఇంట్లో ఎవరికైనా తలకు దెబ్బ తగిలి ఉంటే, ఆరు నెలలకో ఏడాదికో ఒకసారి అడగండి. నెల సరిగా వస్తోందా? చలి, నీరసం, నిద్ర ఎలా ఉన్నాయి? కొడుకునైతే అబ్బానో, భాయో, దోస్తో అడగండి. ఏదైనా తేడా ఉంటే తల దెబ్బ సంగతి డాక్టరుకు మీరే చెప్పండి, ఎన్నేళ్ళ కిందదైనా. కొన్నిసార్లు ఆ గ్రంథి ఏడాదిలో తనంతట తానే కోలుకుంటుంది, కోలుకోకపోతే ఇలాజ్ ఉంది. కొందరికి రోజా ఉండకూడదని డాక్టరు చెప్పొచ్చు. బీమార్లకు మాఫీ ఇచ్చినవాడు అల్లాహ్, మనం మధ్యలో పట్టుబట్టొద్దు.

రెండోది, వెనక కూర్చున్నవాళ్ళకు కూడా హెల్మెట్ పెట్టండి. మోటారు వాహనాల చట్టం 129వ సెక్షన్ వాళ్ళకూ వర్తిస్తుంది. పోలీసులు ఉన్నారని కాదు. మెదడు వాపుకు ఈ రోజుకీ నమ్మకమైన మందు లేదని పైన చదివారు కదా, అందుకు. ఇప్పుడు మా ఇంట్లో రెండు హెల్మెట్లున్నాయి. దుపట్టా మీద హెల్మెట్ బాగానే పడుతుంది, నేను చూశాను.

2023 రమజాన్‌లో డాక్టరమ్మ సరేనన్నాక పిల్ల రోజాలు మొదలుపెట్టింది. ఆ ఏడు ఇరవై తొమ్మిదే వచ్చాయి. ఈద్ నాడు బెల్లంకొండలో షీర్ ఖుర్మా తాగుతుంటే అమ్మీ అడిగింది, అందరి ముందూ, మా అందరికీ వినిపించేలా: "ఎన్ని రోజాలున్నావే?"

"ఇరవై నాలుగు, నానీ. ఐదు ఖజా" అంది.

అమ్మీ అల్హమ్దులిల్లాహ్ అంది. నేను కప్పులోకి చూస్తూ కూర్చున్నాను. పిల్లలింకా లేరు, ఇంజెక్షన్ల సంగతి ఇంకా మొదలుపెట్టలేదు. మతిమరుపు కొంచెం ఉంది. కానీ ఆ ఐదు రోజుల ఖజా మా ఇంటికి వచ్చిన వరం. తెలుగులోనే అంటున్నాను.